కొమ్ముల పోటాపోటీ

వాగుకు ఇవతల పచ్చికంతా అడవిదున్నల మందది. అవతల చిరుతపులి. దూడల్ని చూసి లొట్టలు వేయడమే తప్ప, వాగు దాటే ధైర్యం దానికి లేదు. మందకు కాపలా కాసే కర్రెన్న, మచ్చన్న అనే రెండు దున్నపోతుల కొమ్ములంటే దానికి హడల్. చిరుత వేటాడితే గానీ దాని ఎంగిలి తిని బతికే నక్కకు పూట గడవదు. పాపం, ఎంత కష్టం!

ఓ పొద్దున నక్క కర్రెన్న దగ్గరికొచ్చింది.

"కర్రెన్నా, మచ్చన్న కొమ్ములు బండకేసి నూరుతున్నాడట. మందంతా పోటాపోటీ అంటోంది."

"పోటాపోటీ అంటే ఏంటి బావా?"

"అదీ తెలీదా! ఎవడి పోటు పదునో వాడిదే పోటీలో గెలుపు. వాడు ఒకసారి నూరితే నువ్వు రెండుసార్లు నూరాలి."

కర్రెన్న పరుగున బండ దగ్గరికి పోయాడు. నక్క మచ్చన్న దగ్గరికెళ్లి, "అటు చూడు" అంది. ఈసారి అబద్ధం ఆడాల్సిన శ్రమ కూడా లేకపోయింది.

ఇక మేత లేదు, కాపలా లేదు, నూరుడే నూరుడు. నక్క రోజూ వచ్చి, కొమ్ములు పరీక్షగా చూసి, "ఇవాళ మచ్చన్నది వెంట్రుకవాసి పైచేయి" అని తీర్పు చెప్పేది.

ముసలి బర్రె గంగత్త మొత్తుకుంది. "ఒరేయ్, ఉన్న కొమ్ములకే చిరుత వణుకుతోంది కదరా! ఎందుకురా ఇది?"

"చిరుత సంగతి తర్వాత అత్తా. ముందు వాణ్ణి ఆపమను" అన్నాడు కర్రెన్న.

"వాడాపితే నేనూ ఆపుతా" అన్నాడు మచ్చన్న.

వానలు పడేసరికి కొమ్ములు అరిగి మోళ్లయ్యాయి. నక్క కబురు మోసింది. చిరుత తాపీగా వాగు దాటింది. ఇద్దరూ తల వంచి పొడిచారు. దాని ఒంటి మీద గీత కూడా పడలేదు.

మంద రాళ్లగుట్ట మీదికి పారిపోయింది. గంగత్త దూడ మాత్రం రాలేదు. గంగత్త వాగు వైపే చూస్తూ ఏడ్చింది.

కర్రెన్న రొప్పుతూ వచ్చాడు. "ఏమన్నా అను అత్తా, వాడి మోడు కంటే నా మోడే గింజెడు పొడుగు."

"పోటు పోయిందిరా నాయనా" అంది గంగత్త. "పోటీ ఒక్కటే మిగిలింది. పో, దాంతో చిరుతను పొడువు."

నీతి: పక్కవాణ్ణి చూసి నూరుకునే కొమ్ము పగవాడికే మేలు చేస్తుంది.