బుర్రావారి వంగతోట పురుగులు

బుర్రావారంత తెలివైనవాళ్ళు చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ లేరు. ఈ మాట ఎవరన్నారంటారా? బుర్రావారే అన్నారు! తల్లి మంగాయమ్మ, పెద్దకొడుకు పోతురాజు, చిన్నకొడుకు నూకరాజు. సాయంత్రం అయితే చాలు, ముగ్గురూ అరుగెక్కి కూచుని, "ఇంటిపేరులోనే బుర్ర ఉంది, ఇంక తలకాయలో విడిగా ఎందుకు?" అని మురిసిపోయేవారు. దారినపోయేవాళ్ళు మాత్రం ఏం చెప్తారు పాపం, తలూపి వెళ్ళిపోయేవారు.

ఈ నూకరాజుకి పక్కూరి అప్పలస్వామి కూతురు పైడమ్మంటే ప్రాణం. సంతలో ఆ పిల్ల వీణ్ణి చూసి ఓసారి నవ్వింది. అంతే, వీడికి ఆ పూట నుంచి ముద్ద దిగలేదు. మంగాయమ్మ వెళ్ళి పిల్లనడిగింది. అప్పలస్వామి వంగతోట రైతు, ఉన్నమాట మొహం మీదే అనే మనిషి.

"పంటని చూసుకోలేనివాడు పెళ్ళాన్నేం చూసుకుంటాడమ్మా? ఆదివారం వచ్చి మీ వంగతోట చూస్తాను. తోటలో పురుగు కనబడిందా, పిల్లనివ్వను" అన్నాడు.

ఇంటికొచ్చి తోట చూసుకుంటే ఇంకేముంది! చాలా కాయలకి కన్నాలే. నూకరాజు గట్టు మీద కూలబడి బావురుమన్నాడు.

మంగాయమ్మ వ్యవసాయాఫీసరమ్మని బతిమాలి తోటకి తీసుకొచ్చింది. ఆవిడ ఓ కాయ కోసి, లోపల మెసులుతున్న గులాబిరంగు పురుగుని చూపించింది.

"ఇది కాయతొలిచే పురుగు. ముందు దాని సంగతి తెలుసుకోవాలి. దగ్గర కూచుని, ఏం తింటోంది, ఎప్పుడు తింటోంది అని గమనించండి. సాలీళ్ళు, ఎర్రరెక్కల మీద నల్లచుక్కలుండే ఈ అక్షింతల పురుగులు మన నేస్తాలు. చెడ్డ పురుగుల్ని తినిపెడతాయి, వీటిని జాగ్రత్తగా చూసుకోండి. కన్నం పడ్డ కాయ ఒక్కటి కూడా తోటలో ఉంచకండి. ఏరేశాక వాటిని..."

"చాలండమ్మగారూ! మాలాంటివాళ్ళకి సగం చెప్తే చాలు" అని పోతురాజు ఆవిణ్ణి సగంలోనే సాగనంపేశాడు.

ఇక మొదలెట్టారు మహానుభావులు. పోతురాజు ఓ కన్నం కాయ ముందు బాసింపట్టు వేసుకుని కూచున్నాడు. పురుగేమో లోపలుంది. కాయ మీద వేలితో టకటకా కొట్టాడు.

"ఏవండీ, ఏం తింటున్నారు?"

కాయకి చెవి ఆనించి విన్నాడు.

"పలకదేమే అమ్మా?"

"నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడకూడదని వాళ్ళమ్మ నేర్పుంటుందిరా. ఎంత మంచి పెంపకమో చూడు!" అంది మంగాయమ్మ. పోతురాజు ఆ పురుగుకి భోజనం అయ్యేదాకా లేవకూడదని అక్కడే కూచున్నాడు. దానికి భోజనం అయిందీ లేదు, వీడు లేచిందీ లేదు.

ఇక నేస్తాల సంగతి. "నేస్తాల్ని ఎండలో నిలబెడతామా, సిగ్గులేకపోతే సరి!" అని మంగాయమ్మ అక్షింతల పురుగుల్నీ, సాలీళ్ళనీ గిన్నెలోకి ఏరి ఇంటికి తెచ్చింది. విస్తళ్ళు వేసి పులిహోర వడ్డించింది. పక్కన కూచుని విసనకర్రతో విసిరింది. ఆ గాలికి అక్షింతల పురుగులు కిటికీలోంచి ఎగిరిపోయాయి. సాలీళ్ళు దూలమెక్కి కూచున్నాయి. "ఉప్పు తక్కువైంది కాబోలురా" అని ఆవిడ కళ్ళొత్తుకుంది. అటు తోటలో అడిగే నాథుడు లేక, పురుగులు మిగిలిన కాయల్లో కూడా కొన్నిటిలోకి దూరాయి.

రేపే ఆదివారం! నూకరాజు పరిగెత్తి కన్నం కాయలన్నీ కోసేశాడు. గంపలకెత్తి ఇంటికి మోశాడు. మంచం కింద పోశాడు, గాదెలో పోశాడు, అటక నిండా పోశాడు. తోటలో ఉంచొద్దంది గానీ ఇంట్లో ఉంచొద్దని ఆఫీసరమ్మ అన్లేదు కదా!

ఆదివారం అప్పలస్వామి వచ్చాడు. ఆకు తిరగేసి చూశాడు, కొమ్మ వంచి చూశాడు. ఒక్క పురుగు లేదు. "భేష్ అల్లుడూ!" అన్నాడు. ఆ ఒక్క మాటకి నూకరాజు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఇంటికొచ్చి మజ్జిగ తాగుతున్నాడా, అటక మీంచి ఓ పురుగు టప్పున గ్లాసులో పడింది.

"ఇదేంటి?"

"మా తోటదే మామగారూ! తోటలో మీ కంటపడకూడదని అన్నిటినీ ఇంట్లో పెట్టాం. లోపల ఇంకా బోలెడున్నాయి, చూద్దురుగాని రండి" అని నూకరాజు గది తలుపు తీశాడు. గోడల నిండా పురుగులే.

అప్పలస్వామి గ్లాసు విసిరికొట్టి లేచాడు. "ఛీ! ఈ పురుగుల కొంపకి నా కూతుర్నిస్తానా? ఈ ఇంట్లో ఒక్క పురుగున్నా నా గడప తొక్కొద్దు!" అని విసవిసా వెళ్ళిపోయాడు.

నూకరాజు మళ్ళీ ఏడుపు. "తోటలో ఉంటే ఇవ్వనన్నాడు, ఇంట్లో ఉన్నా ఇవ్వనన్నాడు. ఇక వీటినెక్కడ పెట్టనే అమ్మా?"

ముగ్గురూ తలలు గోక్కున్నారు. పోతురాజు తొడ చరిచాడు. "దొరికిందిరా చోటు!" అన్నాడు. అంతే, రాత్రికి రాత్రే గంపలన్నీ బండికెక్కాయి.

పొద్దున్నే అప్పలస్వామి తలుపు తట్టారు. "అన్నయ్యగారూ, మా తోటలో పురుగు లేదు, మా ఇంట్లోనూ లేదు. ఇక ముహూర్తం పెట్టించండి" అంది మంగాయమ్మ.

ఆయన కాస్త మెత్తబడ్డాడు. "మరేం చేశారమ్మా వాటిని?"

"ఎంతైనా మా వంకాయలు తిని పెరిగినవి, పరాయివాళ్ళకి ఇవ్వబుద్ధి కాలేదు. కాబోయే వియ్యంకులు కదా అని మీ వంగతోటలోనే వదిలొచ్చాం. ఏ చెట్టుకీ తక్కువ చెయ్యలేదులెండి!"

తలుపు చాటున పైడమ్మ కిసుక్కున నవ్వింది. అప్పలస్వామి మాత్రం నవ్వలేదు. మూలనున్న దుడ్డుకర్ర అందుకున్నాడు. ఆయన ఉరకడం చూసి వీళ్ళూ ఉరికారు, ఎందుకో తెలీకపోయినా.

"అమ్మా, మామగారు మనల్ని పొలిమేర దాకా సాగనంపడానికొస్తున్నారే! చెప్పులు కూడా వేసుకోలేదు పాపం" అన్నాడు నూకరాజు రొప్పుతూ.

"మరి కర్రెందుకురా?"

"దారిలో కుక్కలుంటాయిగా, మన కోసమే తెచ్చుంటారు."

"అయ్యో, అంత మర్యాదస్తుణ్ణి ఇలా పరిగెత్తిస్తామా? ఆగండర్రా!" అంది మంగాయమ్మ. ముగ్గురూ ఆగారు. వెనక్కి తిరిగి, వరసగా నిలబడి, వీపులు బాగా వంచి ఆయనకి నమస్కారం పెట్టారు.