తల ఊపని మెలీత

ఒకానొక కాలంలో, సముద్రానికి ఆవలి ఒడ్డున, ద్రాక్షతోటల నడుమ ఒక రాజ్యం ఉండేది. దాని రాజు కల్లియాసు. రాజ్యం పిడికెడే గాని రాజుగారి గొప్పకు మాత్రం హద్దు లేదు. తన విగ్రహం తనే చేయించుకుని, ప్రజలంతా దాని ముందు చిటికెడు సాంబ్రాణి వేసి, "నువ్వే దేవుడివి" అనాలని చాటింపు వేయించాడు.

అందరూ వేశారు. మెలీత వెయ్యలేదు. ఉన్ని వడికి బతికే ఆ ముసలమ్మ క్రీస్తును కొలిచేది. అప్పట్లో ఆ మార్గం కొత్తది. ఒక ఇంటి నుంచి మరో ఇంటికి చడీచప్పుడు లేకుండా పాకుతోంది. రాజుకు అది కంటగింపుగా ఉండేది.

పండుగనాడు భటులు ఆమె చేతులకు తాడు కట్టి బలిపీఠం దగ్గరికి ఈడ్చుకొచ్చారు.

ఆ దేశంలో ఒక ఆచారం ఉంది. బలి ఇచ్చే ఎద్దు తల మీద నీళ్లు చల్లుతారు. అది తల ఊపితే ఒప్పుకున్నట్టు. ఊపకపోతే విడిచిపెట్టాలి. ఆ ఉదయం ఎద్దు ఊపలేదు. రాజే దాన్ని వదిలించి, "ఆచారం తప్పే రాజును కాను" అని గడ్డం నిమురుకున్నాడు.

ఇప్పుడు మెలీత వైపు తిరిగాడు. "సాంబ్రాణి వేస్తావా, వెయ్యవా?"

"మనిషికి వెయ్యలేను ప్రభూ. మీకోసం ప్రార్థన చెయ్యమంటే రోజూ చేస్తూనే ఉన్నాను."

"అయితే నీ ప్రాణమే నా విగ్రహానికి బలి."

కత్తివాడు ముందుకొచ్చాడు.

ఆస్థానంలో త్రిఫోను అనే చమత్కారి ఉన్నాడు. రాజును నవ్వించడమే అతని కొలువు. ఆవేళ అతను నవ్వించే పని పక్కన పెట్టాడు. నీళ్లచెంబు అందుకుని ముందుకు నడిచాడు.

"బలి అన్నారు కదా ప్రభూ, నీళ్లు చల్లకుండానే?"

"అది ఎద్దు కాదురా, మనిషి."

"ఎద్దు ఒప్పుకోవాలి గాని మనిషి ఒప్పుకోనక్కర్లేదా? ఆ మాట పూజారిగారే చెప్పాలి."

పూజారి రాజు వైపు తిరిగి చేతులు జోడించాడు. "ఒప్పుకోని ప్రాణిని బలి ఇస్తే అరిష్టం ప్రభూ. ఎవరి పేర బలి ఇస్తే వారికే."

రాజు చెంబు లాక్కున్నాడు. "నేనే చల్లుతాను. తల రవ్వంత కదిలినా బలి ఆగదు."

చల్లలేదు, కుమ్మరించాడు. చలికాలపు ఊటనీళ్లు. మామూలుగానే వణికే ముసలి మెడ అది.  తన ఉపాయమే ఆమె ప్రాణం తీసేట్టుందని త్రిఫోను భయపడ్డాడు. నీళ్లు చెవుల్లోకి, కళ్లల్లోకి కారాయి. మెలీత కళ్లు మూసుకుంది. పెదాలు కదిలాయి గాని మెడ కదల్లేదు.

"ఊపలేదు ప్రభూ," అన్నాడు పూజారి మెల్లగా.

తాడు విప్పారు. రాజు త్రిఫోను వైపు తిరిగాడు. "నువ్వూ ఈవిడ మతంలో కలిశావా?"

"లేదు ప్రభూ. జ్వరాల ఏడాది నేను మంచాన పడితే నా వాళ్లంతా ఇల్లు విడిచి పారిపోయారు. ఈవిడ వచ్చి నోట్లో నీళ్లు పోసింది. ఏ దేవుణ్ని మొక్కుతావని అడగలేదు. ఈవిణ్ని చంపుతుంటే పక్కన నిలబడి మిమ్మల్ని నవ్వించడం నావల్ల కాలేదు."

రాజు చేతిలోని చెంబు పైకెత్తాడు. "నీ తల తీయిద్దామని ఉంది," అంటూ చెంబులో మిగిలిన నీళ్లు అతని నెత్తిన గుమ్మరించాడు.

త్రిఫోను గుంజలా నిలబడిపోయాడు. ముక్కు చివర నీటిచుక్క వేలాడుతున్నా రెప్ప కూడా వెయ్యలేదు.

ముందు పూజారికి దగ్గు వచ్చింది. తర్వాత రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఎద్దు దగ్గర బాగానే నేర్చుకున్నావురా," అంటూ భుజం మీది జరీ ఉత్తరీయం తీసి అతని మీదికి విసిరాడు. "తల తుడుచుకో. ఇక అది నీదే."

త్రిఫోను దాన్ని మెలీతకిచ్చాడు. ఆమె ముందు అతని తలే తుడిచింది.

ఆ వారంలోనే ప్రార్థన వేళ మెలీత గుమ్మం ముందు చెప్పుల జతలు పెరిగాయట. తాడు కట్టి ఈడ్చుకొచ్చిన భటుడి చెప్పులూ వాటిలో ఉన్నాయట. అతన్ని మాత్రం ఎవరూ ఈడ్చుకు రాలేదు.