పదకొండు సెకన్ల నిశ్శబ్దం

కూర్మనాథం మాస్టారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. కాకినాడలో ఆయన దగ్గర మృదంగం నేర్చుకున్న వాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. తెలిసీ ఆ ఉదయం హైమ మేడమెట్లు దబదబా ఎక్కి, చెప్పులు ఎటు పడ్డాయో కూడా చూడకుండా అడిగేసింది.

"మాస్టారూ, చెవుల్లేని వాళ్ళ కోసం మనం ఎందుకు వాయించాలి?"

కోపం రాదా మరి! హైమా, మరో ముగ్గురు స్నేహితులూ కలిసి 'ఉప్పుగాలి' అనే రాక్ బ్యాండ్ పెట్టారు. ఏ కంపెనీ అండా లేకుండా రెండేళ్ళు ఒళ్ళు హూనం చేసుకుని 'రేవు' అనే ఆల్బమ్ తెచ్చారు. అందులో ఆరో పాట హైమ ప్రాణం. ఏడు మాత్రల నడకలో మృదంగమూ గిటారూ ఒకదాన్నొకటి తరుముకునే పాట. దాన్ని విని జనం ఏం రాశారు? "కాలు ఎక్కడ ఆడించాలో తెలియలేదు" అని ఒకడు. "మధ్యలో ఈ పెళ్ళి మేళం ఏంటి బ్రో" అని ఇంకొకడు. దానికి మూడు వందల మంది పళ్ళికిలించిన బొమ్మలు! ఒక్క పూటలో గబగబా కట్టేసిన రెండో పాటనేమో నెత్తిన పెట్టుకున్నారు. అది చాలదన్నట్టు ఆదివారం పేపర్లో ఒక విమర్శకుడు, మృదంగం ఈ ఆల్బమ్‌కి అతికించిన తోక అన్నాడు. తోకట!

"శనివారం కచేరీకి నేను వెళ్ళను. బ్యాండే వదిలేస్తాను. వదిలేసే ముందు ఆ పేపరాయన్ని మాత్రం నాలుగు మాటలతో కడిగేసి మరీ పోతాను," అంటూ ఫోను తీసింది.

మాస్టారు చిన్న గిన్నెలో రవ్వ తడుపుతున్నారు. మృదంగం ఎడమ మూతకు తడి రవ్వముద్ద అంటిస్తే గానీ అది గుమ్మని పలకదు. వాయించిన ప్రతిసారీ కొత్తగా అంటించుకోవాల్సిందే.

"కడిగెయ్," అన్నారాయన. "ముందు ఆయన రాసింది మొత్తం చదువు, వింటాను."

తోక దాకా హైమ గొంతెత్తి చదివింది. మిగిలింది గబగబా నమిలేసింది. ఎనిమిదో పాట మధ్యలో వచ్చే పదకొండు సెకన్ల నిశ్శబ్దం అంత సాహసం ఈ ఏడాది మరెక్కడా వినలేదని ఉంది అందులో.

"ఏమిటా నిశ్శబ్దం?"

హైమ నేల చూపులు చూసింది. "రవ్వ సరిగ్గా తడపలేదు మాస్టారూ. ముద్ద ఊడిపడింది. నేను మళ్ళీ అంటించుకునేదాకా అందరూ ఆగారు. పాట బాగా వచ్చిందని అలాగే ఉంచేశాం."

"ఎవరూ అడగలేదా?"

అడగకేం, ఇంటర్వ్యూలో అడిగారు. "అది శూన్యానికి మేం వేసిన తాళం," అని హైమ ఎంతో గంభీరంగా చెప్పింది. ఆ మాట ఇప్పుడు మాస్టారి ముందు ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆయన నవ్వలేదు. నవ్వినా బాగుండేదనిపించింది ఆమెకి.

అయినా తోక గుర్తొచ్చేసరికి మళ్ళీ ఒళ్ళు మండింది. 'అయ్యా, మీకు చెవుల్లేవు' అని మొదలుపెట్టి టకటకా పది వాక్యాలు కొట్టేసింది. పైకి చదివి వినిపించింది కూడా.

మాస్టారు చేతికంటిన రవ్వ తుడుచుకున్నారు. "బాగుంది. చివర ఇంకొక్క మాట చేర్చు. మీరు మెచ్చుకున్న పదకొండు సెకన్లూ రవ్వ ఊడిపడినవి అని రాయి. చెవుల్లేవనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?"

హైమ బొటనవేలు ఫోను మీద ఆగిపోయింది. ఆ మాట రాయడానికి చెయ్యి రాలేదు. అది లేకుండా పంపడానికీ మనసొప్పలేదు. కింద వీధిలో ఐస్ బండి గంట కొట్టుకుంటూ దాటిపోయింది. కోపం కోపంగానే ఉంది గానీ, అది ఎవరి మీదో ఆమెకే తేలలేదు.

మాస్టారు తడి రవ్వ గిన్నె ఆమె ముందుకు జరిపారు.

"అప్పుడు నిన్ను ఆపింది రవ్వ. ఈసారి ఆగింది నువ్వే," అన్నారు. "శనివారం రవ్వ బాగా తడుపుకో."