దాలమ్మ గంగాళం

అనగా అనగా, సముద్రం ఇంకా మన సరుగుడు తోపుకి అల్లంత దూరంలో ఉన్న రోజులు. ఈ కథ మా నాయనమ్మకి వాళ్ల నాయనమ్మ చెప్పిందట. కాబట్టి ఏ ఏడు, ఏ రాజు అని నన్నడక్కండి. ఊఁ కొట్టండి చాలు. ఊఁ కొట్టని వాళ్లకి కథ లేదు, ముందే చెబుతున్నా.

ఆ ఒడ్డున ఒక పూటకూళ్ల పాక ఉండేది. తాటాకు కప్పు, మట్టి గోడలు. దాన్ని నడిపేది దాలమ్మ. వేట నుంచి వచ్చిన వాళ్లకీ, ఉప్పు బళ్ల వాళ్లకీ, దారిన పోయే వాళ్లకీ ఇంత అన్నం, ఇంత చేపల పులుసు పెట్టేది. గొప్ప అందగత్తె కాదు. గొప్పింటి పిల్లా కాదు. చెయ్యి మాత్రం మంచిది. ఆవిడ పులుసు తిన్నవాడికి చెయ్యి కడుక్కోబుద్ధి అయ్యేది కాదట!

దాలమ్మకి అత్తగారిచ్చిన ఇత్తడి గంగాళం ఒకటుండేది. ఊరందరికీ సరిపోయే అన్నం అందులోనే ఉడికేది. ఉడికిన అన్నం చాప మీద కుమ్మరించి, గంగాళం కడిగి, చెవులకి మోకు కట్టి, పాక ముందు దూలానికి వేలాడదీసేది. ఇనప గరిటె పుచ్చుకుని మూడు దెబ్బలు కొట్టేది. ఖంగు! ఖంగు! ఖంగు! ఆ మోత వినబడగానే పడవలన్నీ ఒడ్డుకి తిరిగేవి.

ఆ పడవల్లో ఒకటి ఆవిడ మొగుడు కొర్లయ్యది. అప్పట్లో ఆడది మొగుడి పేరు నోట పలక్కూడదు. నవ్వకండర్రా, మా అమ్మ కూడా పలికేది కాదు. మరి సముద్రం మీదున్న మనిషిని అన్నానికి ఎలా పిలవడం? ఆ గంగాళమే దాలమ్మకి నోరు. "నా చెవి నీ గంగాళం మీదే ఉంటాదే" అనేవాడు కొర్లయ్య. ఆ మాటకి ఆవిడ పైకి కసురుకునేది గానీ, లోపల పొంగిపోయేది.

ఊఁ కొడుతున్నారా? సరే.

ఆశ్వయుజం వచ్చిందంటే తీరంలో అందరికీ గుండెల్లో దడే. గాలివానల కాలం కదా. అప్పుడు పాకకి మూడు పనులు. ఒకటి, కప్పు కట్టాలి. కొబ్బరి మోకులు కప్పు మీద అడ్డంగా వేసి, నేలలో దిగ్గొట్టిన గుంజలకి బిగించాలి. రెండు, గింజ దాచాలి. బియ్యం, చింతపండు, ఎండు చేపలు కుండల్లో పోసి, మూతులకి మట్టి మెత్తి, మెట్ట మీదకి చేర్చాలి. మూడు, గంగాళం పాతాలి. ఉప్పెన వస్తే గిన్నే చెంబూ ఏదీ మిగలదు. గాలివాన వెలిశాక ఊరందరికీ మొదటి గంజి కాచుకోవాలంటే ఆ గంగాళం ఉండాలి. అందుకని ఇసకలో లోతుగా గొయ్యి తీసి పాతిపెట్టేవాళ్లు. ఆఖరి వేటకెళ్లిన పడవలన్నీ ఒడ్డెక్కాకే పాతాలని అత్తగారు పెట్టిన కట్టు.

కప్పు కట్టాలి. గింజ దాచాలి. గంగాళం పాతాలి. ఏదీ, మీరూ అనండి.

ఆ ఏడు ఆఖరి వేట అట్లతద్ది నాడు పడింది. ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. ఈడువాళ్లంతా ఉయ్యాలలూగడానికి పోతున్నారు. దాలమ్మకీ మనసు లాగింది. చిన్నది కదా పాపం. కప్పు కట్టేసింది. గింజ దాచేసింది. అన్నం పెందలాడే వండి చాప మీద కుమ్మరించి, పడవలు ఇంకా సముద్రం మీద ఉండగానే గంగాళం కూడా పాతేసింది. "ఒక్క పూట మోగకపోతే మునిగిపోయిందేముందిలే" అనుకుని ఉయ్యాలకి పరిగెత్తింది.

మధ్యాహ్నానికి మబ్బు కమ్మింది. గాలి తిరిగింది. పడవలు ఒక్కొక్కటీ ఒడ్డెక్కాయి. కొర్లయ్య పడవ రాలేదు. పక్క పడవ మసేను తల దించుకుని చెప్పాడు.

"పక్కపక్కనే ఉన్నామొదినా. మబ్బు పట్టింది, పోదాం రారా అన్నాను. గంగాళం మోగలేదు కదా, అన్నం ఇంకా ఉడికుండదు, ఇంకొక్క వల వేసొత్తానన్నాడు."

ఇంకొక్క వల. అంతే.

దాలమ్మ చేతుల్తో ఇసక తవ్వింది. గోళ్లు చిట్లినా తవ్వింది. గంగాళం పైకి లాగి, దూలానికి కట్టి, గరిటె వంగిపోయేదాకా కొట్టింది. గాలివాన వచ్చింది, వెలిసింది. కొర్లయ్య రాలేదు, పడవ చెక్క కూడా రాలేదు.

మర్నాటి నుంచి దాలమ్మ ఒక కొత్త పని మొదలెట్టింది. అన్నం ఉడికాక మూడు దెబ్బలు కొట్టి, సముద్రం వైపు తిరిగి గొంతెత్తి పిలిచింది.

"కొర్లయ్యా! అన్నం చల్లారిపోతంది, రా!"

వీధి వీధంతా నోరెళ్లబెట్టింది. అత్తగారు పరిగెత్తుకొచ్చింది. "ఓసి నీ తెలివి తెల్లారా! మొగుడ్ని పేరెట్టి పిలుత్తావేటే?"

"పేరెట్టకపోతే తననే అని ఎలా తెలుత్తాదత్తా?" అంది దాలమ్మ.

అత్తగారు కొంగు నోటికడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది. కన్నతల్లి కదా.

అప్పట్నుంచి రోజూ అదే పిలుపు. అందరికన్నా ముందు అతనికో ఆకు వేసేది, అన్నం వడ్డించేది, పిలిచేది. ఎవరూ పలికేవారు కాదు. అన్నం చల్లారిపోయేది. కుర్రకారు నవ్వుకునేవారు. "పోయినోడికి పులుసు కూడా పోత్తావా పిన్నీ?" అని ఏడిపించేవారు మసేను కొడుకులు ముగ్గురూ. ఆవిడకి మేడలక్కర్లేదు, మాన్యాలక్కర్లేదు. తను పిలిస్తే అటునుంచి ఒక్కసారి "వత్తన్నా" అని వినబడాలి. ఆ ఒక్క మాట కోసం చెవులు కోసుకుని బతికింది.

ఏటేటా ఆశ్వయుజం వచ్చేది. కప్పు కట్టేది. గింజ దాచేది. గంగాళం మాత్రం ఆఖరి పడవ ఒడ్డెక్కేదాకా పాతేది కాదు. పాతేటప్పుడు దాని మీద చెయ్యి వేసి ఏడ్చేది.

అలా జుట్టు నెరిసింది. అప్పుడొచ్చింది పెద్ద గాలివాన. ఆకాశం రాగి రంగు తిరిగింది. సముద్రం వెనక్కి తగ్గి గుర్రుమంటోంది. జనమంతా పిల్లల్నీ మేకల్నీ తోలుకుని మెట్టకి పరిగెడుతున్నారు. పెద్దాడైపోయిన మసేను పాక దగ్గర ఆగాడు.

"గంగాళం పాతెయ్యొదినా! అది పోతే రేపు ఊరికి గంజి ఎందులో కాత్తావు?"

"నీ కొడుకులొచ్చారా?" అంది దాలమ్మ.

మసేను సముద్రం వైపు చూశాడు. ముగ్గురు కొడుకులూ సముద్రం మీదే ఉన్నారు.

"అయితే ఇంకా మోగాలి. నువ్వు మీ ఆడదాన్ని మెట్టెక్కించు" అని గరిటె అందుకుంది.

ఖంగు! ఖంగు! ఖంగు! "కొర్లయ్యా! అన్నం చల్లారిపోతంది, రా!"

అక్కడ పడవలో ముగ్గురికీ ఒడ్డెటో తెలీడం లేదు. నీళ్లు తోడి తోడి చేతులు పడిపోయాయి. అప్పుడు చెవిన పడింది ఆ మోత. ఆ వెనకే ఆ పేరు. విన్నామని ఆవిడకి తెలియాలి కదా. "వత్తన్నా!" అని అరిచారు. మొదటి కేక గాలి మింగింది. రెండో కేక అల మింగింది. మూడోసారి ముగ్గురూ ఒక్క గొంతై అరిచారు.

"వత్తన్నా!"

దాలమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. అన్నేళ్లకి పలుకు! మోకాటి లోతు నీళ్లలోకి పరిగెత్తి, పడవ తాడు అందుకుని లాగింది. ముగ్గురు దిగారు. ఒక్కొక్కడి మొహం చేత్తో తడిమి చూసింది.

"ఇంకోడేడర్రా?"

"ఇంకెవరూ లేరు పిన్నీ. ముగ్గురమే."

"మరి పలికిందెవరు?"

పెద్దవాడు తల వంచుకున్నాడు. "మేమే పిన్నీ. నువ్వు పిలిచావు, మేం పలికాం."

దాలమ్మ అరుగు మీద కూలబడింది.  తరవాత లేచి, కొర్లయ్య ఆకులో అన్నం కలిపి, ముగ్గురి చేతుల్లో మూడు ముద్దలు పెట్టింది. "పలికినోళ్లకే కదా పెట్టాలి. తినండి. తిని మెట్టకి నడవండి."

వాళ్లు తిన్నారు. గబగబా గొయ్యి కూడా తీశారు. "నువ్వూ రా పిన్నీ" అన్నారు.

"మీ అమ్మా అయ్యా మెట్ట మీద ఎదురు చూత్తన్నారు, పొండి. గంగాళం దించి పాతేసి మీ వెనకే వత్తాను."

వాళ్లు మెట్టెక్కుతుంటే వెనక నుంచి వినబడింది. ఖంగు! ఖంగు! ఖంగు! వెనక్కి దిగబోయారు గానీ, మధ్యలోకి నీరొచ్చేసింది.

పిచ్చిది అన్నారు కొందరు. నాకు ఆ మాటంటే ఒళ్లు మండుతుంది. పిలిస్తే ముగ్గురొచ్చారే! ఇంకో మూడు దెబ్బలు కొడితే నాలుగో వాడు రాడా అనిపించదూ? ఒక్కసారి పలుకు విన్న మనిషి ఎలా ఆపుతుంది? మెట్ట మీద జనమంతా ఆ మోత వింటూనే ఉన్నారు. ఉప్పెన వచ్చాక వినబడలేదు.

గాలివాన వెలిశాక దిగి చూస్తే పాక లేదు. దాలమ్మ లేదు. గొయ్యి ఉన్నచోట ఇసకలోంచి ఇత్తడి అంచు మెరుస్తోంది. కప్పు కట్టింది ఆవిడ. గింజ దాచింది ఆవిడ. గంగాళం సముద్రం పాతిపెట్టింది.

ఆవిడ దాచిన బియ్యంతోనే, ఆ గంగాళంలోనే గంజి కాచారు. ఎవరికీ ముందు తాగబుద్ధి కాలేదు. మసేను పెద్దకొడుకు లేచి, కర్రతో గంగాళం మీద మూడు దెబ్బలు కొట్టి, ఆవిడ పిలిచినట్టే పిలిచాడు. ఊరు ఊరంతా, ముసలీ ముతకా, పిల్లా పాపా, "వత్తన్నా!" అని పలికింది. అప్పుడు తాగారు.

ఇప్పుడు ఒడ్డున ఉన్నవన్నీ హోటళ్లే. రేకులకి ఇనప తీగలు కడతారు, బోర్డులు దించుతారు, గ్యాస్ బండలు మేడ మీదకి ఎక్కిస్తారు. గంగాళాలు ఎవరి దగ్గరున్నాయి గనక! అయినా అట్లతద్ది వెళ్లాక, పడవలన్నీ ఒడ్డెక్కాక, ప్రతి హోటల్లో ఎవరో ఒకరు ఏదో ఒక గిన్నె పుచ్చుకుని సముద్రం వైపు తిరిగి మూడు దెబ్బలు కొడతారు. కొర్లయ్యని అన్నానికి పిలుస్తారు. ఆకు ముందు కూర్చున్న ప్రతివాడూ పలకాలి. కొత్తగా వచ్చిన లారీ డ్రైవరు తెల్లమొహం వేస్తే, పక్కవాడు మోచేత్తో పొడిచి చెబుతాడు. అన్నానికి పిలిచిన పిలుపు ఊరికే పోకూడదని మా ఒడ్డున కట్టు. ఎక్కడుందో ఏమో, దాలమ్మకి వినబడాలి కదా.

ఇంతసేపూ ఊఁ కొట్టారు. ఇక ఊఁ చాలదు. నేను పిలుస్తాను, మీరు పలకండి.

"కొర్లయ్యా! అన్నం చల్లారిపోతంది, రా!"

ఊఁహూఁ, అంత చిన్నగా అయితే ఆవిడకి వినబడదు. ఇంకొంచెం గట్టిగా.