సర్కారు తుమ్మ వేరు ఎక్కడికి పోతోంది

ఒకప్పుడు సర్కారు తుమ్మకి వేళ్ళు జానెడే ఉండేవి. గట్టిగా గాలి వీస్తే ఒరిగిపోయేది.

దానిది మన దేశం కాదు నాన్నా. సముద్రాల అవతల పుట్టింది. గింజగా ఉన్నప్పుడే గోనెసంచిలో పోసి, ఓడెక్కించి తెచ్చి, మన చవిటి నేలలో చల్లారు. వాన పడదు, మన్నంతా ఉప్పు.

"ఇక్కడ నేనెలా బతకను?" అని దిగులు పడింది.

"కొత్త కోడలికి అన్నీ చేదేలే," అంది పక్కనున్న రేగుచెట్టు.

ఆషాఢం వచ్చింది. కొత్త కోడళ్ళని తీసుకెళ్ళడానికి పుట్టింటివాళ్ళు బండ్లు కట్టుకుని వస్తున్నారు. బండి చప్పుడైనప్పుడల్లా తుమ్మ తలెత్తి చూసేది.

మేకలు కాసే ఈరమ్మ నీడకొచ్చి కూచుంటే అడిగింది.

"పిన్నీ, నన్ను తీసుకెళ్ళడానికి ఎవరూ రారేం?"

ఈరమ్మకీ పుట్టింట్లో ఎవరూ మిగల్లేదు.

"దూరం కదే. మీ అమ్మ బయల్దేరే ఉంటుంది."

"ఏ దారిన?"

"సూర్యుణ్ణి అడుగు. అన్ని ఊళ్ళూ తిరిగేది ఆయనే."

పొద్దు వాలుతుంటే అడిగింది. "తాతా, మా ఊరెటు?"

"నీ కాళ్ళ కిందే పిల్లా. ఇక్కడ కుంగి అక్కడ పొడుస్తాను. మొదట మీ అమ్మ కొమ్మల మీదే వాలతాను."

"అమ్మ ఎలా ఉంది?"

సూర్యుడు కాసేపు కొండమీదే ఆగాడు.

"నేలకేసి చూస్తూ ఉంటుంది," అన్నాడు.

అయితే అమ్మ కిందనుంచే వస్తోందనుకుంది తుమ్మ. పెద్దది, ఒక్కతే రావడం కష్టం, ఎదురెళ్ళాలనుకుంది. వేరుని కిందికి పంపింది. ఉప్పు తగిలితే ఓర్చుకుంది. రాయి అడ్డొస్తే పక్కకి తప్పుకుంది. దాహమేస్తే దారిలో దొరికిన ఊటనల్లా తాగేసింది.

ఈరమ్మ బావి ఎండిపోయింది. మేకలు నోళ్ళు తెరుచుకుని అరిచాయి.

"నా నీళ్ళన్నీ తాగేశావేమే?"

"దూరప్రయాణం పిన్నీ. దాహం."

ఈరమ్మకి కోపం ఆగలేదు. గొడ్డలి తెచ్చి మొదలంటా నరికేసింది. పీడ విరగడైందనుకుంది. నెల తిరక్కుండానే మోడు పక్కన పచ్చటి చిగురు.

"ఇంకా చావలేదా నువ్వు?"

"అంత దూరంనుంచి అమ్మ వస్తే, నేను లేకపోతే ఎలా పిన్నీ?"

ఈరమ్మ మళ్ళీ గొడ్డలి ఎత్తలేకపోయింది. మేకల్ని తోలుకుని వేరే ఊరి బావికి నడిచింది.

అప్పటినుంచే సర్కారు తుమ్మ వేరు బావులకంటే లోతుకి పోతుంది. వేసవిలో ఊరంతా మాడినా అది పచ్చగా ఉంటుంది. నరికినకొద్దీ చిగురిస్తుంది. దాని చుట్టూ నీళ్ళు ఇంకిపోతాయి, ఏం చేస్తాం. అమ్మ ఇంకా ఎదురుపడలేదు. వేరు దిగుతూనే ఉంది.