పూత తీసిన మందు

భూపతి చేసిన మందు బాగా పనిచేసింది. చిక్కంతా అక్కడే వచ్చింది.

విశాఖలో ఒక పరిశోధనశాల. అక్కడ లలితాంబ గారి దగ్గర అతను నాలుగేళ్లుగా శిష్యరికం చేస్తున్నాడు. స్కానింగ్‌కు ముందు రోగి నరంలోకి ఎక్కించే మందు తయారుచేయడం వాళ్ల పని. అందులో ఉండేవి కంటికి ఆనని ఇనుప రేణువులు. అవి నెత్తురులో తిరిగి కాలేయం చేరాక, బొమ్మలో మంచి భాగమంతా నల్లబడి కణితి ఒక్కటే తెల్లగా బయటపడుతుంది. ఒక్కో రేణువు చుట్టూ గంజి లాంటి పదార్థంతో పూత వేయాలి. ఆ పూత దళసరిగా ఉండాలని ఆవిడ మొదటి రోజు నుంచీ చెబుతూనే ఉన్నారు.

పూత పెరిగేకొద్దీ బొమ్మలో నలుపు తగ్గుతుంది. భూపతికి అదే గిట్టలేదు. పాతకాలపు మనిషి, ఆవిడ చాదస్తం ఆవిడదిలే అనుకుని, ఎవరికీ చెప్పకుండా పూత తీసేశాడు. గాజు గొట్టంలో మందు పోసి తీసిన స్కాన్ బొమ్మలు చూసి తోటివాళ్లు నోరెళ్లబెట్టారు. సీసాలో మందు ఆరు నెలలైనా టీ డికాక్షన్‌లా తేటగానే ఉంది. గురువును మించిన శిష్యుడివయ్యావని ఎవరో అనేసరికి ఇక అతని కాళ్లు నేల మీద నిలవలేదు.

సోమవారం ఉదయం సీసా, బొమ్మలు పట్టుకుని ఆవిడ గదికి వెళ్లాడు. మర్నాడే కుందేళ్లకు ఎక్కించాలి, కాగితం మీద ఆవిడ సంతకం కావాలి. పూత సంగతి కూడా చెప్పేశాడు, కాస్త గొప్పగానే. ఆవిడ బొమ్మలన్నీ ఓపిగ్గా చూసి బాగున్నాయన్నారు.

"అంత నమ్మకమా నీకు?" అని అడిగారు.

"కావాలంటే నా నరంలోకే ఎక్కించండి మేడమ్."

"అయితే చొక్కా చెయ్యి పైకి మడుచుకో."

నవ్వుతారేమోనని చూశాడు. ఆవిడ నవ్వలేదు. అల్మారాలోంచి ఆసుపత్రుల్లో ఎక్కించే ఉప్పునీళ్ల సీసా, అదే సెలైన్, తీసి బల్ల మీద పెట్టారు. కొత్త సిరంజి కవరు చింపారు. నోరు జారాక ఇప్పుడు వద్దనడం ఎలాగ? భూపతి చెయ్యి చాపాడు. ఆవిడ మోచేతి పైన రబ్బరు పట్టీ బిగించి, నరం వెతికి, దూదితో తుడిచారు. అక్కడ చల్లగా తగిలింది.

తర్వాత సిరంజిలోకి సెలైన్ లాగి, దాని మీద అతని మందు కొంచెం లాగారు. రెండుసార్లు తిప్పి, అతని కళ్లెదుట వెలుతురుకు ఎత్తి పట్టుకున్నారు.

ముందు ఏమీ కాలేదు. అంతలో ఆ టీ రంగు మడ్డిగా మారింది. నల్లటి నలుసులు పుట్టుకొచ్చాయి. మధ్యలో పూత అడ్డు లేక అవి ఒకదానికొకటి అంటుకుని, చూస్తుండగానే ముద్దలై అడుగుకు దిగాయి. పైన ఉత్త నీళ్లు మిగిలాయి. ఆరు నెలలు చెక్కుచెదరని మందు ఒక్క నిమిషంలో పాలు విరిగినట్టు విరిగిపోయింది.

భూపతికి అప్పుడు తట్టింది. ఈ ముద్దలు నరంలో అడ్డుపడితే? రేపు కుందేళ్లు సరే, ఆ తర్వాత స్కానింగ్ బల్ల మీద పడుకునే మనిషి గతేమిటి? పట్టీ బిగించిన చెయ్యి ఉబ్బిన నరంతో ఇంకా ఆవిడ ముందే చాపి ఉంది. వెనక్కి లాక్కోవాలన్న స్పృహ కూడా అతనికి లేదు.

లలితాంబ గారు సిరంజి పక్కన పెట్టి, పట్టీ తనే విప్పారు.

"ఇన్నాళ్లూ దేంట్లో ఉంచావు దీన్ని?"

"డిస్టిల్డ్ వాటర్‌లో మేడమ్."

"నెత్తురు ఉప్పగా ఉంటుంది బాబూ," అన్నారావిడ.