పనస మొదట్లో నక్క కాపురం

తుఫాను వెళ్ళిపోయింది. జీడితోటలో పనసచెట్టు వేళ్ళతో సహా ఒరిగి, కోడి గూటిమీద పడింది. గూడు నుజ్జు నుజ్జయింది.

కోడి పిల్లల్ని లెక్కపెట్టుకుంది. ఆరు. మళ్ళీ లెక్కపెట్టింది. ఆరే.

"ఇంక చాలు, అందరూ ఉన్నారు" అంది ముసలి ఎద్దు. "సాయంత్రానికి మళ్ళీ వానొచ్చేలా ఉంది. ఈ చెట్టుతోనే కొత్త గూడు కడదాం. పందికొక్కు కొరుకుతాడు, నేను లాగుతాను."

పందికొక్కు పళ్ళు నూరుకుంటుండగానే, పైకి లేచిన వేళ్ళ కింద గోతిలోంచి నక్క తల బయటపెట్టింది.

"ఎవర్రా అక్కడ? ఈ గొయ్యి నా ఇల్లు. ఈ వేళ్ళు నా ఇంటి కప్పు. కప్పు నాదైతే చెట్టు నాది కాదూ?"

"నిన్న లేని ఇల్లు ఇవాళెలా వచ్చింది బావా?" అంది పందికొక్కు.

"గాలి కట్టించి ఇచ్చింది. నీకేం నొప్పి? చూడు కోడమ్మా, కలప తీసుకుపో. నేనేం కఠినాత్ముణ్ణి కాను. రెండు పిల్లల్నిస్తే చాలు."

కోడి ఆరుగురినీ రెక్కల కిందికి లాక్కుంది. మబ్బుకేసి చూసింది.

ఎద్దు వేళ్ళకేసి చూసింది. "నక్కా, ముందు బయటికి రా. నేను బతుకంతా కలప లాగినవాణ్ణి. మాను తెగితే బరువు పోయి మొదలు లేచి నిలబడుతుంది. గొయ్యి మూసుకుపోతుంది."

నక్క పడీ పడీ నవ్వింది. "పడ్డ చెట్టు లేచి నిలబడుతుందట! నన్ను బయటికి రప్పించి కలపతో ఉడాయిద్దామనా తాతా? ఇలాంటివి నేను రోజుకి పది చెబుతాను."

"నిజమే బావా, రా" అంది కోడి.

"రానంటే రాను. నా కలప వెల సంగతి తేల్చు."

కోడి పైకి లేచిన వేళ్ళకేసి ఓసారి చూసింది. "సరే. మాను తెగగానే పిల్లల్ని నీ గుమ్మం ముందు నిలబెడతాను. వచ్చి పట్టుకో."

"ఒట్టా?"

"ఒట్టు."

నక్క లోపల కాళ్ళు చాపుకుని పడుకుంది.

పందికొక్కు కొరికింది. మాను ఫెళ్ళున విరిగింది. మొదలు ఊగి, లేచి, తన గోతిలో తాను కూర్చుంది. వేళ్ళ సందులోంచి నక్క ముక్కొక్కటే బయటికుంది.

కోడి ఆరుగురినీ ఆ ముక్కు ముందు వరసగా నిలబెట్టింది. "మాటిచ్చాను, తెచ్చాను. ఏదీ, పట్టుకో బావా."

"చెట్టూ నీదే, గొయ్యీ నీదే! తవ్వించు తల్లీ!"

ఎద్దు కలప లాగింది. గూడు లేచింది. తొలి చినుకు పడేసరికి కోడి పిల్లల్ని లోపలికి తోలి, లెక్కపెట్టి, తలుపు గడియ వేయించింది. అప్పుడు లోపలినుంచి అంది:

"ఇప్పుడు తవ్వు పందికొక్కూ. దాన్నీ ఒక తల్లే కన్నది."

బురద ముద్దలా బయటపడ్డ నక్క వెనక్కి చూడకుండా పరిగెత్తింది.

నీతి: అబద్ధాలతో బతికేవాడు ఎదుటివాడి నిజాన్నీ నమ్మలేడు.